రికార్డు కాదు బిడ్డా!

వరంగల్ కొత్తవాడలో ఒక గల్లీ ఉంది. ఆ గల్లీలో ఎవరింట్లో ఎంత గొప్ప పని జరిగినా, రాయమల్లు దాన్ని ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ రోవర్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు లెక్కలతో కొలిచి, పెదవి విరిచి, "రికార్డు కాదు" అని తేల్చేస్తాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి ఇది తప్ప వేరే చెడ్డ అలవాటు లేదు. ఉన్న ఈ ఒక్కటే గల్లీకి సరిపోయింది.

కిరాణం లింగమూర్తి బిడ్డ పెళ్లికి వెయ్యిమంది వచ్చారు. లింగమూర్తి ఛాతీ పెంచుకుని వచ్చి, "రాయమల్లన్నా, జనాన్ని సూసినవా? నిలబడ సందు లేదు!" అన్నాడు.

"సూసిన. పందొమ్మిది వందల ఇరవై తొమ్మిది, మార్చి రెండు. ఈవుడ్ పార్కు గ్రౌండుల బోల్టన్ మ్యాచ్‌కు అరవై రెండు వేల ఐదు వందల ఇరవై రెండు మంది వచ్చిండ్రు. రికార్డు కాదు."

"వాళ్లందరికి బగారన్నం పెట్టిండ్రా?"

రాయమల్లు నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, "ఆ లెక్క దొరుకలే" అని ఒప్పుకుని, ఇంకో గరిటె వేయించుకున్నాడు.

ఆయన భార్య అనసూర్య బాధ వేరు. "మా పెండ్లి తారీకు అడుగుండ్రి, నీళ్లు నములుతడు. పద్దెనిమిది వందల ఎనభై నాలుగుల ఎవ్వలో ఎవ్వల మీదనో పదకొండు గోల్స్ కొట్టిండ్రట, అది నిద్రల లేపి అడిగినా చెప్తడు."

"రోసెండేల్ మీద," అని లోపలి గదిలోంచి గొంతు వినిపిస్తుంది. "అక్టోబరు పదమూడు."

ఇంతా చేసి రాయమల్లు జీవితంలో బంతిని కాలితో తన్నినవాడు కాదు. మిల్లులో మగ్గాలు బాగుచేసే జాబర్‌గా ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. మిల్లు మూతబడి మగ్గాలు తుక్కు కింద తూకానికి పోతుంటే, తన మగ్గానికున్న ఇనుప పలకను ఒకదాన్ని విప్పుకుని సంకలో పెట్టుకుని వచ్చాడు. దానిమీద ఆ మగ్గం పుట్టిన ఊరి పేరుంది: బ్లాక్‌బర్న్. దాన్ని గుమ్మం పైన బిగించాడు. అదెక్కడుందో చూద్దామని నెట్ సెంటర్‌కు వెళ్లినవాడు, ఆ ఊరి క్లబ్బు లెక్కలన్నీ నెత్తికెక్కించుకుని తిరిగొచ్చాడు. ఎవరైనా నవ్వితే, "ఇరవై ఆరేండ్లు ఆ ఊరి మగ్గానికి సేవ జేసిన. ఇంక అది పరాయి ఊరెట్లయితదిరా?" అని అడుగుతాడు.

ఇక శోభారాణి సంగతి. రాయమల్లు ఎదురింట్లో ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. కుట్టు ఎంత సన్నగా పడుతుందో, అనుమానం అంతకన్నా సన్నగా పడుతుంది. పాలవాడు చిరునవ్వు నవ్వితే పాలలో నీళ్లు కలిశాయని, నవ్వకపోతే ఎక్కువ కలిశాయని ఆమె లెక్క.

అలాంటి శోభారాణి కిటికీకి ఎదురుగా రాయమల్లు రోజూ తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని, చేతి గడియారం చూసుకుంటూ, గల్లీ అటూ ఇటూ చూస్తూ, ఒక నోటుబుక్కులో ఏదో రాస్తుంటే ఆమెకు నిద్రెలా పడుతుంది?

పైగా ఆమె దగ్గర దాచుకోవలసిన వస్తువొకటి ఉంది. అరగుర్రం శక్తితో నీళ్లు లాగే మోటరు. పొద్దున నల్లా రాగానే దాన్ని పైపుకు తగిలించి మీది ట్యాంకు నింపుతుంది. నల్లాకు మోటరు పెడితే బల్దియావాళ్లు, అంటే మున్సిపాలిటీవాళ్లు, మోటరు పట్టుకుపోతారు, కనెక్షన్ కోస్తారు. ఆ సంగతి తెలిసే ఆమె మోటరు మీద పాత బొంత కప్పి నడుపుతుంది. బొంత కింద అది దగ్గుతున్న మేకలా చప్పుడు చేస్తుంది.

"ఇగో, జర ఇనుండ్రి," అంది ఒకరోజు భర్త విజయ్‌కుమార్‌తో. "ఆ రాయమల్లు కాక బల్దియాకు పేర్లు రాసిస్తాండు."

"ఆయన ఫుట్‌బాల్ లెక్కలు రాసుకుంటడే."

"ఫుట్‌బాల్ టీవీల ఉంటది. గల్లీల ఏం సూస్తాండు?"

విజయ్‌కుమార్ మడికొండలో ఉద్యోగానికి పోవాలి. అనుమానాలకు జవాబులు వెతికితే బస్సు దొరకదు. చెప్పులు వేసుకున్నాడు.

అనుమానం నిజమయ్యే రోజు రానే వచ్చింది. రాయమల్లు ఓ సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని శోభారాణి మిషన్ దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, దీనికి సంచి కుట్టాలె. సగం నీలం, సగం తెలుపు. మావోళ్ల అంగీ రంగు."

"ఇటియ్యి కాకా, కొలత తీస్త."

"కొలత నేనే పట్టుకుంట. నువ్వు టేపు పెట్టు."

చూశారా! దాపరికం లేనిది పుస్తకాన్ని పసిపిల్లలా గుండెకు హత్తుకుంటాడా? శోభారాణి టేపు పెట్టింది. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది. నోటుబుక్కు మిషన్ మీద పెట్టి పక్కకు జరిగాడు. శోభారాణి టేపుతో పేజీ ఎత్తింది. దొంగ చూపుకు దొరికింది రెండే వరుసలు:

"శోభారాణి మోటరు – 5.40."

దాని కింద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి: "రేపు 596!!"

శోభారాణి అప్పటికప్పుడే సంచి కుట్టడానికి కూర్చుంది. నీలం బట్టకు బదులు తన చీర కొంగే కత్తిరించబోయి ఆగి, ఎలాగో కుట్టిచ్చి పంపింది.

ఆ సాయంత్రం విజయ్‌కుమార్ ఇంటికి రాగానే, "అయిపోయింది," అంది. "మన కంప్లైంటు నంబరు ఐదువందల తొంభై ఆరు. రేపు వస్తాండ్రు."

"వరంగల్‌ల మనకంటె ముందు ఐదువందల తొంభై అయిదు మందిని పట్టిండ్రా?"

"పరాచికాలా మీకు? ముందు మోటరు విప్పుండ్రి!"

విప్పారు. మోటరును బియ్యం డ్రమ్ములో పెట్టి, మీద రెండు శేర్ల బియ్యం పోసి, ఆ పైన ఏమీ ఎరగనట్టు ఒక గిన్నె బోర్లించారు.

మర్నాడు పొద్దున శోభారాణి కిటికీ రెక్క సందులోంచి కన్నుపెట్టి నిలబడింది. రాయమల్లు అరుగు మీద ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కొత్త సంచి మెడలో ఉంది. ఐదూ నలభై అయింది. మోటరు చప్పుడు లేదు. ఆయన తలెత్తి ఇటు చూశాడు. 'చూడు, చూడు, దొరుకుతానా?' అనుకుంది శోభారాణి.

ఐదూ యాభై రెండు. రాయమల్లు లేచి నిలబడ్డాడు. గల్లీ చివర ఉండే ముసలి మొగిలమ్మ ఇంటివైపు చూశాడు. ఆరయింది. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. ఆరూ అయిదుకు జేబులోంచి ఫోన్ తీసి ఎవరితోనో కంగారుగా మాట్లాడాడు.

"లేవుండ్రి! బల్దియాకు ఫోన్ కొడుతాండు!" అని భర్తను కుదిపింది.

"కొడితే కొట్టనియ్యి. మోటరు బియ్యంల పండింది, నన్నూ పండనియ్యి."

ఇంతలో రాయమల్లు పరుగందుకున్నాడు. అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు, మెడలో సంచి. పరుగెత్తి మొగిలమ్మ తలుపు దబదబ బాదాడు. "పెద్దమ్మా! ఓ పెద్దమ్మా!" జవాబు లేదు. పక్కనున్న ప్రహరీ గోడ ఎక్కాడు. గోడమీద ఒక్క క్షణం జెండాలా నిలబడి, అవతలివైపు మాయమయ్యాడు.

ధబేల్!

ఆ తర్వాత వినిపించింది మొగిలమ్మ గొంతు. "ఓరి నీ బొంద బెట్ట! ఇప్పుడే కడిగి నింపిన గోలెంరా!"

గల్లీకి గల్లీ ఉరికింది. శోభారాణి కూడా ఉరికింది. అనుమానం ఎంతున్నా తమాషా వదులుకునే మనిషి కాదు. పెరట్లో నీళ్ల గోలెంలో నడుం దాకా కూర్చుని ఉన్నాడు రాయమల్లు. చుట్టూ బిందెలు, బకెట్లు, తపేలాలు, చివరికి ఇడ్లీ గిన్నె కూడా నిండి ఉన్నాయి. మధ్యలో చీర ఎగ్గట్టుకుని డెబ్బై ఆరేళ్ల మొగిలమ్మ దుప్పట్లు ఉతుకుతోంది. నేతవాళ్లకు నూలు కండెలు చుట్టి బతికే మనిషి, ఒక్కతే ఉంటుంది.

"సచ్చిపోయినవనుకున్ననే పెద్దమ్మా!" అన్నాడు రాయమల్లు, గోలెంలోంచే.

"నేనెందుకు సస్తరా? ఏండ్ల సంది నా నల్లాల చుక్క రాదు. రోజు పొద్దుగాల్నే బిందె పట్టుకొని బోరింగుకు పోతాన్న. ఇయ్యాల ఏమైందో, నల్లా గంగమ్మ లెక్క దుంకింది! ఇంక ముంగటి తలుపు తీసుడెందుకు? ఉన్న గిన్నెలన్ని నింపుకున్న."

అందరూ ఆశ్చర్యపోయారు. శోభారాణి మాత్రం తన కాలి బొటనవేలిని శ్రద్ధగా చూసుకోసాగింది. ఈ గల్లీలో పైపు మొదట ఆమె ఇంటికి వచ్చి, చివరికి మొగిలమ్మ ఇంటికి పోతుంది. మధ్యలో బొంత కింద మేక దగ్గుతుంటే చివరికి నీళ్లెలా పోతాయి?

అప్పుడే కుయ్ కుయ్ మంటూ 108 బండి వచ్చింది. రాయమల్లు ఫోన్ చేసింది దానికన్నమాట.

"పేషెంట్ ఎవరు?" అని అడిగారు వాళ్లు. గల్లీ మొత్తం గోలెం వైపు వేలు చూపించింది.

బయటికి లాగి బీపీ చూశారు. "నూట అరవై ఉంది పెద్దాయనా."

గల్లీ అంతా ఒక్క గొంతుతో, "రికార్డు కాదు!" అంది.

రాయమల్లు నవ్వలేదు. సంచి పిండుతూ, "పుస్తకం, నా పుస్తకం" అన్నాడు. కళ్లజోడు గోలెం అడుగున ఉంది. నోటుబుక్కు బయటికి తీసి ఎదురుగా ఉన్న శోభారాణికిచ్చి, "బిడ్డా, రాతలు పోయినయా, ఉన్నయా, జర చదువు" అన్నాడు.

ఇన్నాళ్లు చూడాలని చచ్చిన పుస్తకం తనంతట తానే చేతికి వచ్చింది. చదివింది.

"మొగిలమ్మ పెద్దమ్మ. ఒకటో మ్యాచ్, తలుపు తీసింది, 5.50. రెండో మ్యాచ్, 5.48..." పేజీలు తిప్పింది. అంతా అదే. "రెండువందల పదకొండు, వర్ధన్నపేటల చెల్లెలింటి కాడ. పరాయి గ్రౌండు మ్యాచ్. ఫోన్ చేసి కనుక్కున్న, తలుపు తీసింది."

"అందుకేనారా ఆనాడు ఫోన్ చేసి, 'పెద్దమ్మా, తలుపు తీసినవా' అని అడిగినవు!" అంది మొగిలమ్మ. "నీకు పిచ్చి లేసిందని మా చెల్లెకు చెప్పిన."

"ముందటేడు జ్వరమొచ్చి రెండు దినాలు లోపల పడి ఉంటివి గద," అన్నాడు రాయమల్లు నేల చూపులు చూస్తూ. "గల్లీల ఒక్కరం చూసుకోలె. ఆనాటి సంది రాస్తాన్న."

వెనక పేజీల్లో ఒంటరిగా ఉండే సాంబయ్యదీ యాకమ్మదీ లెక్క కూడా ఉంది.

"దీనికి ఫుట్‌బాల్‌కు ఏం సంబంధమన్నా?" అన్నాడు లింగమూర్తి.

"పద్దెనిమిది వందల తొంభై ఒకటి, డిసెంబరు. బర్న్‌లీతోని మ్యాచ్. మంచు పడుతాంది. మావోళ్లంత చలికి ఓర్వలేక గ్రౌండ్ ఇడిచి పోయిండ్రు. గోల్‌కీపర్ ఆర్థర్ ఒక్కడే నిలబడ్డడు. ఎదుటి టీమంత బంతి పట్టుకొని మీదికొస్తే, 'ఆఫ్‌సైడ్, చెల్లదు' అని చెయ్యి లేపిండు గని జాగ ఇడువలె." రాయమల్లు ముక్కు తుడుచుకున్నాడు. "గసొంటోళ్లు మన గల్లీల ముగ్గురున్నరు. లెక్క రాసెటోడు ఒక్కడన్న ఉండాలె గద."

శోభారాణి ఇంకా ఆ పేజీ మీదే ఉంది. "మోటరు – 5.40. తలుపు – 5.52." ప్రతి రోజూ ముందు తన మోటరు, ఆ వెనక మొగిలమ్మ బిందె. రెండోదానికి మొదటిది కారణమని చదవడం వచ్చిన ఎవరికైనా అర్థమవుతుంది. ఆమె పుస్తకం టక్కున మూసింది.

"అయితే గని రాయమల్లూ, ఇయ్యాల నా నల్లాకు ఏం రోగమచ్చి బాగైంది?" అంది మొగిలమ్మ.

శోభారాణి ఒకడుగు వెనక్కి వేసింది. రాయమల్లు కళ్లజోడు లేకుండానే ఆమెవైపు చూసి, "పైన పైపు సాఫ్ జేసిండ్రేమో పెద్దమ్మా" అన్నాడు.

జనం ఎవరిళ్లకు వాళ్లు పోయాక శోభారాణి ఆయన వెనకే నడిచింది. "కాకా, నీకు మోటరు ముచ్చట ఎరికేనా?"

"బొంత కప్పిననాటి సంది."

"మరి ఎవ్వలకు చెప్పలేదేంది?"

"ఎవ్వలు ఎన్ని మ్యాచులు ఆడిండ్రో నేను రాస్త బిడ్డా. ఫౌలు రాసుడు రెఫరీ పని."

కర్రతో కొట్టినా అంత తగిలేది కాదు. ఆ సాయంత్రమే మోటరు బియ్యంలోంచి లేచి, తుక్కు బండి ఎక్కింది. విజయ్‌కుమార్ బకెట్లు మోయడం నేర్చుకున్నాడు.

ఇక మిగిలింది ఆ ఐదువందల తొంభై ఆరు. బ్లాక్‌బర్న్ తరఫున అందరికన్నా ఎక్కువ లీగ్ మ్యాచులు ఆడిన ఫజాకర్లీ లెక్క అది. గల్లీలో మొదటిసారి ఒక మనిషి, తలుపు తీసిన పొద్దుకో మ్యాచ్ చొప్పున, రికార్డును అందుకోబోయి, ముంగటి తలుపు తీయలేదు. మ్యాచ్ లెక్కకొస్తుందా, రాదా? రాయమల్లు రోజంతా అన్నం సహించక ఆలోచించాడు.

"పెరటి తలుపు తీసిన గదరా! అది తలుపు గాదా?" అని మొగిలమ్మ ఇంటిమీదికి వచ్చి పోట్లాడింది. ఆ మాటతో లెక్క ఖాయమైంది.

మర్నాడు నల్లా నిండుగా వచ్చింది. బోరింగుతో పనిలేదు. అయినా ఐదూ యాభైకి మొగిలమ్మ ముంగటి తలుపు భళ్లున తెరుచుకుంది. ఆమె వాకిట్లోకి వచ్చి, నడుమున చేతులు పెట్టుకుని, గల్లీ మారుమోగేలా అరిచింది.

"ఒరే రాయమల్లూ! రాసుకో!"

రాయమల్లు రాసుకున్నాడు. 597. తర్వాత అరుగు మీద నిలబడి, ఇన్నేళ్లలో ఎవరూ ఆయన నోట వినని మాట అన్నాడు. "రికార్డు!" లింగమూర్తి గల్లీ అంతా లడ్డూలు పంచాడు.

శోభారాణి అనుమానం మానిందా అంటే, మానలేదు. అది పుట్టుకతో వచ్చింది. మోటరు పోయినా కిటికీ దగ్గర నిలబడే అలవాటు పోలేదు. నెలన్నర తర్వాత ఒక పొద్దున రాయమల్లు అరుగు దిగి, నేరుగా ఆ కిటికీ కిందికి వచ్చాడు.

"ఏం బిడ్డా, రోజు నన్ను చూసి ఏదో రాస్తాన్నవు?"

దొరికిపోయిన శోభారాణి జాకెట్ల కొలతల పుస్తకం వెనక్కి దాచబోయి, ఇక దాచి లాభం లేదని తెరిచి చూపించింది. చివరి పేజీలో, నడుం కొలతలకూ చేతుల కొలతలకూ పక్కన, ఒక వరుస ఉంది: 'రాయమల్లు కాక. అరుగు మీదికి వచ్చిండు.'

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ చదివాడు.

"ఎన్నయినయి?"

"నలభై మూడు కాకా."

రాయమల్లు పెదవి విరిచి, వెనక్కి తిరిగి తన అరుగు వైపు నడుస్తూ అన్నాడు.

"రికార్డు కాదు బిడ్డా. రాస్తనే ఉండు."