బూరుగుదూది దీవికి వెళ్ళిన రోజు

కుట్టు సగం విప్పేసరికి లోపలి నుంచి నల్లటి గింజ ఒకటి జారి గచ్చు మీద పడింది. దాన్ని పట్టుకోవడానికి మా అమ్మాయి మంచం కిందికి దూరింది గానీ, నేను మాత్రం కత్తెర చేతిలో అలాగే పట్టుకొని కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళ నుంచీ ఎన్నిసార్లు విప్పి కుట్టినా, ఈ దిండులో ఇంకా ఒక గింజ మిగిలే ఉంటుంది.

ఆ దిండు మా నాన్నది. ఏడాదికోసారి, ఎండలు ముదిరే ముందు, దాన్ని తెచ్చి నరసరావుపేటలో మా కొట్లో నా ముందు పడేసి, ఉండ కట్టిందని ఒక్క మాట అని వెళ్ళిపోతాడు. నేను విప్పి, దూది దులిపి, డాబా మీద ఎండబెట్టి, మళ్ళీ కూరి కుట్టి ఇస్తాను. ఇంత శ్రమ ఎందుకు, ఫోన్లో చూసి కొత్తది తెప్పించుకోవచ్చు కదా అని రెండో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది. చెప్పాల్సింది చానా ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది దూదేకే కుటుంబం. మా తాత వాడిన విల్లు నాకు తెలిసేటప్పటికే గోడకు ఎక్కేసింది. నాన్న మిషను పెట్టాడు. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పెళ్ళిళ్ళ ముందు ఇంటి వసారాలో పాత పరుపులన్నీ విప్పి పోసి, ఆ దుమ్ముకి ఊరంతా తుమ్ముతుంటే, దబ్బనం పట్టుకొని ఒక మనిషి పరుపు చుట్టూ తిరుగుతూ కుడుతుండేవాడు చూడండి, అలా పల్నాడులో సగం ఊళ్ళకి వెళ్ళిన మనిషి మా నాన్న. దూది చూసి, వేళ్ళ మధ్య లాగి, అది ఏ రకమో, ఎన్నేళ్ళు మన్నుతుందో చెప్పడం మాత్రం అమ్మ పని. ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా కూర్చున్న దిండుని రెండు వేళ్ళతో నొక్కి చూడకుండా ఉండేది కాదు. అక్క సిగ్గుతో చచ్చిపోయేది.

అక్కని పోర్ట్‌బ్లెయిర్‌లో ఏసీలు బాగుచేసే బావకిచ్చి చేశారు. ప్రతి రంజాన్‌కీ బావ ఫోన్ చేసి రమ్మనేవాడు, నాన్న ప్రతిసారీ మిషను ఎవరు చూస్తారని తప్పించుకునేవాడు. అసలు సంగతి, ఆయనకి నీళ్ళంటే భయం. మాచర్ల మీదుగా సాగర్ వెళ్ళి లాంచీ ఎక్కినప్పుడు కూడా కొండ వచ్చేదాకా కళ్ళు మూసుకొని కూర్చున్నాడట. అలాంటిది నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది, బావ మాటల మధ్యలో ఒక దీవి సంగతి చెప్పాడు. అక్కడ పెద్ద పెద్ద బూరుగుచెట్లు ఉన్నాయని, ఎండాకాలం కాయలు పగిలి దూదంతా నేల మీద పడి సముద్రంలోకి కొట్టుకుపోతుంటుందని, ఏరుకునే వాళ్ళే లేరని. ఆ పూట ఫోన్ ఎత్తింది అమ్మ. దూది అలా నేలపాలవడం ఆమెకి మింగుడు పడలేదు. ఆ చెట్లు ఒక్కసారి కళ్ళతో చూడాలని పట్టు పట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే, అందుకని నాన్న కాదనలేకపోయాడు.

చెన్నైలో విమానం ఎక్కేముందు తనిఖీలో అమ్మ చేతిసంచీలో దబ్బనం దొరికింది. అది ఆయుధం కాదు, పరుపు కుట్టేదని ఆమె ఎంత చెప్పినా ఆ యూనిఫాం అమ్మాయి వినలేదు, తీసి డబ్బాలో పడేసింది. సముద్రం దాటేదాకా అమ్మ దాని గురించే మాట్లాడింది.

బావ తనకి తెలిసినాయన పడవని నాలుగు రోజులకి మా ఐదుగురి కోసమే మాట్లాడి ఉంచాడు. పడవాయనది మా నాన్న వయసు, పూర్వీకులు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డారట, ఆ యాస ఇంకా పోలేదు. ఒక దీవి తర్వాత ఒక దీవి దిగుతూ, ఇసుకలో నడుస్తూ, కొబ్బరిబోండాలు తాగుతూ, అక్క తెచ్చిన పులిహోర పంచుకు తింటూ మొదటి రెండు రోజులూ పండగలా గడిచిపోయాయి. నీళ్ళు ఒకచోట పచ్చగా, ఒకచోట నీలంగా, అడుగున చేప తోక కదిలినా కనిపించేంత తేటగా ఉండేవి. నాన్న మాత్రం మధ్య పీట మీద నుంచి కదల్లేదు. నమాజు వేళకి పడమర ఎటు అని ఆయన అడిగితే, పడవాయన ఇంజన్ ఆపి, పడవ తిరిగిపోకుండా నాన్న లేచేదాకా తెడ్డు వేసి నిలబెట్టాడు. ఆ తర్వాత నుంచీ ఇద్దరూ బీడీ స్నేహితులైపోయారు.

పడవ ఎక్కేటప్పుడు ఒక్కొక్కరికి ఒక లైఫ్ జాకెట్ ఇచ్చేవాళ్ళు. ఐదుగురు మనుషులు, ఐదు జాకెట్లు. ప్రతి రేవులోనూ ఒక ఉద్యోగి నిలబడి మనుషుల్నీ జాకెట్లనీ లెక్కపెట్టి గానీ వదిలేవాడు కాదు.

మూడో రోజు పొద్దున్నే, రాత్రి బస చేసిన దీవి నుంచి బూరుగుచెట్ల దీవికి బయలుదేరాలి. బావ కాగితాల పని మీద వెళ్ళాడు, మేము రేవు మెట్ల మీద కూర్చున్నాం. అమ్మ ఒళ్ళో జాకెట్ ఉంది. దాని పక్కకుట్టులో ఒక దారం లేచి ఉన్నట్టుంది, ఆమె వేలికి తగిలింది. దారం లేచిన గుడ్డని మా ఇంట్లో ఎవరమూ ఊరికే వదలం, అది మా చేతుల తెగులు. అక్క జడలో ఉన్న పిన్నీసు అడిగి తీసుకుంది. నేను సముద్రం చూస్తున్నాను. మళ్ళీ తిరిగి చూసేసరికి జానెడు కుట్టు ఊడిపోయి, లోపలి పలక బయటికి వచ్చి అమ్మ చేతిలో ఉంది.

అది ఫోమ్. పేటలో కొత్తగా తెరిచిన షోరూముల వాళ్ళు పరుపుల్లో వేసి, మా గిరాకీ అంతా లాక్కున్న సరుకులాంటిదే. అమ్మ దాన్ని నాన్నకి చూపించి, ఇక్కడ కూడా ఇదే తగలడిందని నవ్వింది. ఆ నవ్వు ముగియకముందే పడవాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏటి సెల్లెమ్మా, పేనం నిలబెట్టేదాన్ని విప్పీసినావేటి?"

"లోపల ఏముందో చూడకుండా ఒంటికి ఎట్టా కట్టుకుంటాం అన్నా. సూదియ్యి, చిటికెలో కుట్టేస్తా."

కానీ సూదేది? అక్క దగ్గర ఉన్న చిన్న సూది ఆ మందపు గుడ్డలో రెండు పోట్లకే విరిగింది. దబ్బనం చెన్నైలో ఉండిపోయింది. పోనీ బజారుకి వెళ్ళి వెతుకుదామంటే ఆగడానికి లేదు, సముద్రం పోటు దిగిపోతే పడవ ఆ దీవి ఒడ్డుకి చేరదట, రాళ్ళు తగులుతాయట. మర్నాడు పొద్దున్నే ఎలాగూ పోర్ట్‌బ్లెయిర్ తిరుగు ప్రయాణం. పడవాయన మంచివాడే, కానీ ఈ ఒక్క విషయంలో మొహం రాయిలా పెట్టాడు. నాలుగు జాకెట్లకి నలుగురే. ఒకరు ఇక్కడ ఉండిపోవాలి.

అమ్మ ఆ పలకని జాగ్రత్తగా లోపలికి తోసి, మెట్టు మీద సర్దుకొని కూర్చుంది. విప్పింది నేనే కాబట్టి నేనే ఉంటానంది. గొంతులో ఏ తేడా లేదు. కాళ్ళ చెప్పులు మాత్రం విడిచి పక్కన పెట్టుకుంది, ఇక లేవనన్నట్టు.

ఇక్కడ ఒక మాట నిజం చెప్పాలి. నేను ఉంటానని నేను అనలేదు. అనాలని తెలుసు. పందొమ్మిదేళ్ళదాన్ని, ఫోన్లో ఇంకా బోలెడు ఫొటోలు తీసుకోవాలి, ఆ పచ్చనీళ్ళలో ఇంకోసారి కాళ్ళు పెట్టాలి. నా జాకెట్ తాడు వేలికి చుట్టుకుంటూ తల వంచుకొని నిలబడ్డాను. కాగితాలు పట్టుకొని అప్పుడే వచ్చిన బావ వైపు అక్క చూస్తోంది. అప్పుడు నాన్న లేచాడు.

"ఏమే, లే. నాకు నీళ్ళంటే కళ్ళు తిరుగుతయి. రెండు రోజులు ఓర్చుకున్నా, ఇంక నా వల్ల కాదు. నువ్వు పో."

బావ నవ్వాపుకోలేక, మామ దీనికోసమే కాచుకోని ఉన్నట్టుందే అన్నాడు. అందరం నవ్వాం, నాన్న కూడా. అమ్మ ఒక్కతే నవ్వలేదు. చెప్పులు వేసుకొని, ఆయన విప్పి ఇచ్చిన జాకెట్ కట్టుకుంది. పడవ కదలబోతుంటే నాన్న తన సంచీ అడుగు నుంచి ఒక మడత తీసి ఆమె ఒళ్ళోకి విసిరాడు. గీతల గుడ్డతో కుట్టిన పెద్ద ఖాళీ దిండు గలీబు. పేట నుంచి ఎవరికీ చెప్పకుండా మోసుకొచ్చాడు. ఆ చెట్ల కోసం ఆయన కూడా అమ్మ అంత ఆశగానే వచ్చాడని నాకు అప్పుడు తెలిసింది. అప్పటికే పడవకీ మెట్లకీ మధ్య నాలుగు బారల నీళ్ళు ఉన్నాయి. ఆ దూరం చూసి లోపల ఎక్కడో నాకు బరువు దిగినట్టే అనిపించింది, ఇక చేసేదేమీ లేదు కదా అని. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ దీవిని ఎలా చెప్పను. మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి, తెల్ల ఇసుక దాటి, పొదలు తప్పించుకొని లోపలికి వెళితే, గోడల్లాంటి వేళ్ళు వేసుకొని తలెత్తినా కొస కనపడని చెట్లు. కింద నేలంతా తెలుపు. పొదల మీద, సాలెగూళ్ళలో, రాళ్ళ సందుల్లో, గాలి వస్తే లేచి మన మొహాల మీద, అంతా దూదే. అమ్మ ఒక్క పోగు తీసుకొని, వేళ్ళ మధ్య లాగి, వెలుతురుకి పెట్టి చూసి, పింజ పొట్టి, పరుపుకి ఆగదు, దిండుకైతే బంగారం అంది. అంత దూరం వెళ్ళినా బేరానికి వచ్చినట్టే మాట్లాడిందని అక్క పడీ పడీ నవ్వింది.

గాలికి వీపు పెట్టి నలుగురం ఏరాం. గలీబు సగం కూడా నిండలేదు, అమ్మ ఆగిపోయింది. చేతులు దులుపుకొని ఒడ్డుకి వచ్చి, మేము వచ్చిన దీవి వైపు మొహం పెట్టి కూర్చుంది. అలసిపోయావా అని అడిగాను.

"దూది ఏకేది ఆయన. ఆయన్ను ఒడ్డున కూసోబెట్టి నేను ఏరుకుంటన్నా" అంది, అంతే.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి నాన్న అదే మెట్టు మీద ఉన్నాడు. పక్కన జాకెట్, కుట్టు పూర్తయి. భాష రాని ఊళ్ళో సూది ఎక్కడ దొరికిందంటే, బియ్యం కొట్లకి వెళ్ళాడట. బియ్యం అమ్మేచోట గోతాలు ఉంటాయి, గోతాలు ఉన్నచోట వాటిని కుట్టే సూది ఉండి తీరుతుంది కదా. రెండు కొట్లు తిరిగి, చేతులతో కుట్టి చూపించి, మూడో కొట్టులో సంపాదించాడు. అమ్మ గలీబు మూతి విప్పి ఆయన ముందు పెట్టింది. నాన్న మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, తియ్యకుండా చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత, గింజ ఎక్కువే ఉంది అన్నాడు. చెట్లు ఎంత ఎత్తని మాత్రం అడగలేదు.

పడవాయన ఆ జాకెట్‌కి లంగరు రాయి ఒకటి కట్టి నీళ్ళలో వేశాడు. మునిగి, ఊగి, రాయితో సహా పైకి తేలింది. ఆయన కుట్టు మీద గోరు పెట్టి గీరి చూసి, కంపెనీ కుట్టు కన్నా గట్టిదేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, ఒకసారి విప్పిన దాన్ని రేపు ఎవరికి కట్టమంటారు అని అడిగాడు. అన్నం దగ్గర అమ్మా నాన్నా దాని గురించే తగువు. విప్పింది నేను, నాదే అని అమ్మ. కుట్టింది నేను, నాదే అని నాన్న. పెద్ద గొంతులు కాదు, ఉప్పు అందించుకుంటూనే. నేను అన్నం కలుపుకుంటూ వింటున్నాను. రేవులో తల వంచుకున్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా కొట్లోనూ ఫోమ్ పరుపులే. మా ఆయన, నేను అమ్ముతాం. దూది మిషను మూలన ప్లాస్టిక్ పట్టా కప్పుకొని ఉంది. నడుం నొప్పికి డాక్టరు చెప్పాడని నాన్న కూడా ఫోమ్ మీదే పడుకుంటాడు, తల కింద మాత్రం ఆ దీవి దూదే ఉండాలి. అమ్మకి చూపు ఆనక సూదిలో దారం నేను ఎక్కించి ఇస్తాను, దిండు కొసన ఆఖరి ముడి ఇప్పటికీ ఆమే వేస్తుంది. కొనడానికి వచ్చేవాళ్ళు లోపల ఏముందని అడగరు, గ్యారంటీ ఎన్నేళ్ళని అడుగుతారు. ప్రతి పరుపు మూలనా ఒక కాగితం అంటించి ఉంటుంది, విప్పితే గ్యారంటీ చెల్లదని. అది చూసినప్పుడల్లా నాకు అమ్మ చేతిలోని పిన్నీసు గుర్తొస్తుంది. విప్పి చూసుకోవడం, మళ్ళీ మన చేత్తో కుట్టుకోవడం, ఆ కుట్టుని నమ్మి ఒంటికి కట్టుకోవడం, ఇవన్నీ ఎప్పుడు పోయాయో తెలియకుండానే మన ఇళ్ళలోంచి పోయాయి. మా అమ్మాయి ఆ గింజని తడి దూదిలో పెట్టి కిటికీలో ఉంచింది. మొలవదని చెప్పాను, విన్లేదు.

ఆ జాకెట్ తగువు జరిగిన మర్నాడు పొద్దున్న, ఇంకా అక్కా వాళ్ళు లేవకముందే నేను రేవుకి వెళ్ళాను. పడవాయన పడవ కడుగుతున్నాడు, ఐదు జాకెట్లూ మెట్ల మీద ఆరేసి ఉన్నాయి. నాన్న కుట్టు ఉన్నది వెతికి తీసి తొడుక్కున్నాను. మూడు తాళ్ళూ బిగించి, ఎవరొచ్చి లాగినా ఊడకుండా ముడి మీద ముడి వేసుకొని, అందరికంటే ముందు పడవెక్కి నాన్న కూర్చునే పీట పక్కన కూర్చున్నాను.