గాలి పడేసిన మునగచెట్టు

పక్కింటి అవ్వ మునగచెట్టు గాలికి పడిపోయిందని మా ఊరంతా ఇన్నేళ్లూ నమ్మింది. నమ్మనిచ్చింది నేను. చేజర్ల పక్కనున్న మా ఊళ్లో ఆ సాయంత్రం ఆకు కదిలేంత గాలి కూడా లేదు.

ఆ రోజుల్లో నేను ఆత్మకూరులో ఒక వకీలు దగ్గర కొత్తగా గుమాస్తాగా చేరాను. నెల తిరక్కుండానే చట్టమంతా వచ్చేసింది (టైపింగు మాత్రం రాలేదు). ఒకరోజు ఆయన ఎవరితోనో, "పక్కోళ్ల కొమ్మ మన హద్దులోకొస్తే మనమే కొట్టుకోవచ్చు, కోర్టు పనిలేదు. అయితే..." అంటున్నారు. ఆ 'అయితే' దగ్గర నేను టీకి లేచాను. ఇంట్లో అమ్మ, ఆరేసిన గుడ్డల మీద మునగచెట్టు గొంగళిపురుగులు రాలుతున్నాయని రోజూ మొత్తుకునేది. ఇంకేం, న్యాయం చేయడానికి మనిషి దొరికాడు.

"అవ్వా, మీ కొమ్మలు మా కంపకంచె దాటినాయి. చట్టప్రకారం కొట్టేస్తా."

"ఏందబ్బాయా, పిందె మీదుండాది గదా! అవి అమ్ముకుంటేనే నాకు గడిచేది. కాయ దిగినాక నేనే కొట్టిస్తా, అందాకా ఓర్చుకో."

"చట్టం ఓర్చుకోదవ్వా" అన్నాను. (అంత గంభీరమైన మాట మళ్లీ నా నోట రాలేదు.)

ఆమె సంతకు పోయిన పూట చెట్టెక్కి, మా వైపు కొమ్మలన్నీ నరికేశాను. మునగ అసలే పెళుసు. బరువంతా ఒకవైపే మిగిలేసరికి, నేను దిగిన కాసేపటికే చెట్టు వేళ్లతో సహా అవ్వ కోళ్లగూడు మీదికి ఒరిగింది. నరికిన రెమ్మల్ని మేకలకు వేస్తే, సాక్ష్యాన్ని అవి శ్రద్ధగా తినేశాయి. అవ్వ వచ్చి కూలబడిపోయింది. "ఎట్టా పడిందబ్బాయా?" అంటే "గాలికవ్వా" అన్నాను. ఆ ఏడు ఆమె కూలికి పోయింది.

మొన్న రీసర్వే వాళ్లు వచ్చి హద్దురాయి వెతికారు. అది మా పెరట్లోనే, మా ఇంటి ఆడవాళ్లు గుడ్డలుతికే బండగా దొరికింది. ఏటా కంప కొత్తగా వేసేటప్పుడల్లా మా నాయన దాన్ని జానెడు అవ్వ వైపుకు జరిపేవాడట. అంటే నేను నరికిన కొమ్మలు కూడా అవ్వ నేలమీదివే. వకీలు గారి 'అయితే' తర్వాత ఏముందో అప్పటికి తెలిసింది: కొట్టేముందు హద్దు కొలిపించుకోవాలి, చెట్టుకు నష్టం జరిగితే మనమే బాధ్యులం.

కంప పీకించి, నాటడానికి ఒక మునగకొమ్మ పట్టుకుని అవ్వ గుమ్మం ముందు నిలబడ్డాను.

"అవ్వా, ఆ పొద్దు గాలి లేదు."

"తెలుసులేరా. గాలికి పడిన చెట్టుకు కత్తిగాట్లుంటాయా?" అంటూ నా చేతిలో కొమ్మ చూసింది. "మళ్లా ఇది మీ ఇంటిమీదికొస్తే ఏం చేస్తావు?"

"ఓర్చుకుంటానవ్వా. తప్పయిపోయింది."