ఇస్తారి కట్టిన పొలిమేర

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో, అరబ్బుల దేశంలో షినాస్ పట్నం దాటి సరిహద్దు వైపు పోతే ఇరవై సిమెంటు ఇళ్లు కనిపించేవి. ఆ చోటికి ఇంకా పేరు లేదు. కట్టిన మేస్త్రీ జగిత్యాల దగ్గరి ఇస్తారి. గోడలో తనకు మాత్రమే కనిపించే వంకర ఉన్నా, కూల్చి మళ్లీ కట్టే మొండివాడు. ఇళ్లలో చేరినవి చేపలు పట్టే కుటుంబాలు. వాళ్లకు పెద్దదిక్కు ముసలి జమీలా.

గురువారం సర్కారు ఆఫీసరు ఇళ్ల లెక్కకు వస్తాడని కబురొచ్చింది. ఇరవై ఇళ్లలోనూ మనుషులుంటే ఊరని రాసుకుంటాడు, అప్పుడే మంచినీళ్లు, దవాఖాన. ఒక్క ఇల్లు ఖాళీగా ఉన్నా అన్నీ పోయినట్టే. రోజూ మైళ్లు నడిచి నీళ్లు తెచ్చుకునే జమీలాకు నిద్ర పట్టలేదు.

ఊరన్నాక నడుమ ఊరిని కాచే బొడ్రాయి ఉండొద్దూ! ఇస్తారి ఆ గురువారం పొద్దున్నే ఇళ్ల నడుమ ఒక రాయి పాతి సున్నం పూశాడు. అతని ఊళ్లో బొడ్రాయి నిలిపిన నాడు పొలిమేర కట్టేస్తారు. పొద్దు గుంకేదాకా లోపలివాళ్లు బయటికి పోరాదు, బయటివాళ్లు లోపలికి రారాదు. అదే కట్టడి ఇక్కడా పెట్టి, దారికి అడ్డంగా తాడు కట్టాడు. సముద్రానికి పోవాల్సిన మగవాళ్లు గొణిగినా, మేస్త్రీ మాట తీసేయలేక ఇళ్లలోనే ఉండిపోయారు.

పది గంటలకు ఆఫీసరు జీపు వచ్చింది. మన ఇస్తారి ఆత్రంలో తనే తాడు దాటి ఎదురెళ్లి, చెయ్యెత్తి దాన్ని ఆపేశాడు!

"ఇయ్యాల ఎవ్వలు లోపలికి రావద్దు. పొద్దుగూకినంక రాండ్రి."

డ్రైవరు ముర్తుజాది నిజామాబాద్. తల పట్టుకున్నాడు. "అరే ఇస్తారీ, ఊరని రాసేటాయన్నే ఆపుతవా? వాపస్ పోతే ఊరే లేదు!"

ఇస్తారికి ఆ సంగతి అసలు తట్టనే లేదు. ముర్తుజా భయపడుతూనే ఆఫీసరుకు అంతా చెప్పాడు. ఆఫీసరు పడీపడీ నవ్వాడు. పేరే లేని ఊరికి అప్పుడే కాపలానా అంటూ తాడెత్తి లోపలికి నడిచాడు. ఇరవై ఇళ్లు, ఇరవైలోనూ నిండా మనుషులు. రాసుకున్నాడు.

మేస్త్రీని కూడా ఊరివాడిగా రాయమని జమీలా అడిగింది. కంపెనీ మనిషి, వీసా అయిపోతే పోయేవాడు, కుదరదన్నాడు ఆఫీసరు. తిరిగొస్తూ ముర్తుజా ఆ మాట తాడు దగ్గర చెప్పాడు.

"నిజమే గదా," అన్నాడు ఇస్తారి. కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు.

జీపు వెళ్లిపోయాక కూడా అతను తాడు బయటే ఎండలో కూర్చున్నాడు. జమీలా అన్నం, చేప పట్టుకొచ్చి, వచ్చీరాని హిందీలో లోపలికి రమ్మంది.

"పొద్దుగూకాలె. నేను పెట్టిన కట్టడి నేనే తప్పితే ఎట్ల?"

జమీలా తాడు కింద నుంచి వంగి ఇవతలికొచ్చి, అతని పక్కన కూర్చుంది.

"అయ్యో, ఇగ నువ్వు గూడ లోపలికి పోరాదు!"

"పోను," అంది జమీలా, పళ్లెం అతని ముందుకు జరుపుతూ. "సాయంత్రం ఇద్దరం కలిసే పోదాం, మన ఊళ్లోకి."