నది కదిలినా కదలని హద్దు: నేపర్‌విల్ నుంచి కార్టర్ లేక్ దాకా

మేం ఒకప్పుడు అద్దెకున్న ఇంటిని పడగొట్టబోతున్నారని బోర్డు పెట్టారు. ఒమాహాలోనే ఉండిపోయిన చలపతి దాని ఫోటో పంపాడు, కింద ఒక్క ముక్క కూడా రాయకుండా. ఆరేళ్ల తర్వాత వాడి నుంచి వచ్చిన మొదటి మెసేజ్ అది. ఒమాహాలో ఎమ్మెస్ చదివేటప్పుడు ఆ ఇంట్లో ఇద్దరం రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఆరేళ్ల కిందట వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి నేను ఆఫీసు పని వంక పెట్టి, గిఫ్ట్ కార్డ్ పంపి ఊరుకున్నాను. ఫోన్‌లో వాడొక మాటన్నాడు, నేను రెండన్నాను. అంతే. ఫోటో చూశాక ఇంట్లో కాలు నిలవలేదు. శనివారం మధ్యాహ్నానికి ఆ ఇంటి దగ్గరుంటానని మెసేజ్ పెట్టాను.

శనివారం పొద్దున ఐదింటికి మా ఊరు నేపర్‌విల్‌లో బయల్దేరాను. ఎనభై ఎనిమిదో నంబర్ టోల్ రోడ్డు వెళ్లి ఎనభయ్యో నంబర్ హైవేలో కలిశాక, అయోవా అంతా ఒకటే దారి. ఆగినవన్నీ కలుపుకుని ఏడున్నర గంటలు, గ్యాస్‌కి, అంటే పెట్రోలుకి, దాదాపు అరవై డాలర్లు. మిస్సోరి నది వంతెన ముందు మాత్రం నాకు ధైర్యం చాల్లేదు. వాడు మొహం తిప్పుకుంటే? ఆఖరి ఎగ్జిట్‌లో దిగి, గ్యాస్ స్టేషన్ దగ్గర పావుగంట కూర్చున్నాను.

నదికి ఇవతల అయోవా రాష్ట్రం, అవతల ఒమాహా ఉన్న నెబ్రాస్కా. కానీ అవతలి ఒడ్డునే, మా అద్దె ఇల్లున్న కార్టర్ లేక్ అనే చిన్న ఊరు మాత్రం అయోవాదే. మాకది తెలియక, చదువుకునే రోజుల్లో డ్రైవింగ్ లైసెన్స్ కోసం ఒమాహా ఆఫీసులో మూడు గంటలు లైన్లో నిలబడ్డాం. కౌంటర్‌లో పెద్దావిడ అడ్రస్ చూసి, మీరు అయోవా వాళ్లు, నది దాటి వెళ్లండి అంది. పూర్వం వరదలో నది ఒక్కసారిగా దారి మార్చి, ఈ ఊరిని అవతల వదిలేసిందట. రెండు రాష్ట్రాలూ సుప్రీంకోర్టుకెక్కితే, నది మెల్లగా జరిగితే హద్దూ దానితో జరుగుతుంది, హఠాత్తుగా తెగితే మాత్రం పాత హద్దే నిలుస్తుందని తీర్పొచ్చింది. గోదావరి లంకల్లో పుట్టిన చలపతికి ఇదంతా ఇట్టే అర్థమైంది. తెలంగాణ మెట్ట నేలవాణ్ణి, నాకు వారం పట్టింది.

పన్నెండున్నరకి వెళ్లేసరికి వాడు ఆ ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. కారు దిగానో లేదో, "లైసెన్స్ ఉందా, లేక మళ్లీ నది దాటించాలా?" అన్నాడు.

"తప్పు నాదేరా. నేను రావాల్సుండె," అన్నాను.

వాడు పులిహోర డబ్బా మూత తీసి నా వైపు జరిపాడు. "మెల్లమెల్లగా మర్చిపోయుంటే నువ్వు అవతలోడివే అయిపోదువురా. మనది ఒక్క ఫోన్‌తో తెగింది. జడ్జీలు చెప్పారుగా, హద్దు ఉన్నచోటే ఉంటది."

తింటుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నది వదిలేసిన పాత వంపే అక్కడి చెరువు. ఇరవైల్లో దాని గట్టున కూర్చుని ఉద్యోగాల గురించి ఎన్ని కలలు కన్నామో. ఆ ఇల్లు ఇప్పటికి నేలమట్టమై ఉంటుంది. ఆ రోజులు రావు, వాడైతే దక్కాడు. ఒక చిట్కా: ఒమాహా ఎయిర్‌పోర్టులో దిగి ఊళ్లోకి వెళ్లేవాళ్లకి నది దాటకుండానే అయోవా బోర్డు కనిపిస్తుంది. దారి తప్పామనుకుని కారు వెనక్కి తిప్పకండి. వంతెన ముందు నేను తిప్పబోయాను.