బండే లాగింది

స్టీరింగమ్మ అంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం రోజూ ఆవిడ చేతి మీదుగా రొట్టెలు అందుకునే కొట్లవాళ్ళు కూడా బుర్ర గోక్కుంటారు. మొగుడు కాల్చిన రొట్టెలు వ్యానులో వేసుకుని, తెల్లారేసరికి వీధివీధీ తిరిగి అందించడం ఆవిడ పని. ఆయన పొయ్యి దగ్గర, ఈవిడ స్టీరింగు దగ్గర. కాపురం మొదలైనప్పటి నుంచీ అంతే.

ఆ వ్యానుది పాత డీజిలు ఇంజను. కొన్ననాటికే ఒకరి దగ్గర నలిగివచ్చిన బండి. స్టార్టు చేస్తే ముందు దగ్గుతుంది, తర్వాత ఒళ్ళంతా వణుకుతుంది, ఆ పైన మాత్రం చెప్పినట్టు వింటుంది. "ఇది నా మాట తప్ప ఇంకెవరి మాటా వినదు," అని స్టీరింగమ్మ గొప్పగా చెప్పుకునేది. ఆ మాటలో ఎంత నిజముందో పాపం ఆవిడకే తెలియదు.

ఆవిడ మంచి మనిషే. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎడమ టైరు అంచు తొందరగా అరిగిపోతే టైర్ల కొట్టువాణ్ణి కడిగేసింది గానీ, బండిని అనుమానించలేదు. బండిని ఒక్క మాటంటే ఊరుకునేది కాదు. మొగుణ్ణి మాత్రం ఎన్నయినా అనేది.

దానికో కథ ఉంది. కొన్నేళ్ళ కిందట ఆవిడకి జ్వరమొచ్చి లేవలేకపోతే, ఆవిడ మొగుడు రొట్టెలాయన తనే వ్యాను తీశాడు. ఇంకా వీధిలోకి కూడా రాలేదు, పెరటి గేటు దగ్గర ఎడమ స్తంభాన్ని గీకేశాడు. చప్పుడుకి ఆవిడ దుప్పటి కప్పుకుని పరుగెత్తుకొచ్చింది.

"నేను తిన్నగానే పోనిచ్చాను. బండే లాగింది," అన్నాడాయన.

"ఆహా! ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటివాడే!" అంది ఆవిడ. ఆ మాటకి పొయ్యి దగ్గర పనివాళ్ళు, గోడ మీంచి తొంగి చూస్తున్న పక్కింటివాళ్ళు అందరూ పకపకా నవ్వారు. ఆయన రెండోసారి ఆ మాట అనలేదు. స్టీరింగు జోలికీ పోలేదు.

అక్కడితో పోతే బాగుండేది. కానీ మన ఇళ్ళల్లో ఒక నవ్వు దొరికితే అరిగేదాకా వదులుతామా? నలుగురు చుట్టాలు కూడితే చాలు, స్టీరింగమ్మ తమ్ముడు మొదలెట్టేవాడు. "బావ వస్తున్నాడు, గోడలన్నీ పక్కకి జరగండి!" అందరితో పాటు రొట్టెలాయనా నవ్వేవాడు. నవ్వేవాడికి నొప్పి ఉండదనుకోవడం మనకి అలవాటే కదా.

ఈమధ్య ఆవిడ కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు. ఆయన పొయ్యి మీద గుడ్డ వెచ్చబెట్టి కాపడం పెడుతుంటే కళ్ళు మూసుకుని మూలుగుతుంది. డాక్టరు పరీక్ష చేసి, కొన్నాళ్ళు బండి మానకపోతే ఈ చెయ్యి ఇక పనికి రాదని గట్టిగానే చెప్పాడు.

"మానేస్తే రొట్టెలు నడిచి వెళ్తాయా? నడపడానికి ఇంట్లో ఇంకెవరున్నారు, స్తంభాలు గీకేవాళ్ళు తప్ప?" అంది ఇంటికొచ్చాక. ఆయన ఇంకోసారి గుడ్డ వెచ్చబెట్టాడు.

అలాంటి సమయంలో ఏడాది తనిఖీ వచ్చిపడింది. పాత డీజిలు బండికి అది ఏటేటా గండమే. అందులో తప్పితే, బాగుచేయించి మళ్ళీ చూపించేదాకా మెకానిక్ షెడ్డుకి తప్ప రోడ్డెక్కకూడదు. స్టీరింగమ్మ బెంగంతా పొగ మీదే. ఆయిలు మార్పించింది, ఫిల్టరు మార్పించింది, ఇంజను బాగా వేడెక్కితే పొగ తగ్గుతుందని ఊరి చుట్టూ తిప్పి మరీ తీసుకెళ్ళింది. చేతి నొప్పి చూసి, ఎందుకైనా మంచిదని రొట్టెలాయన కూడా పక్కన కూర్చున్నాడు.

తనిఖీ ఆవరణలో బండ్లు బారులు తీరి ఉన్నాయి. ముందున్న పాల వ్యాను పొగ గొట్టంలో పరికరం పెట్టి యాక్సిలరేటర్ తొక్కగానే నల్లటి మబ్బు లేచింది. "వంట మొదలెట్టావా ఏంటి బాబాయ్!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు. ఆ బండి తప్పింది. తర్వాతి దానికి తుప్పు పట్టి అడుగు రేకు చిల్లు పడింది. అదీ తప్పింది. స్టీరింగమ్మ తన బండి పొగ గొట్టం వైపు ఇంకోసారి చూసుకుంది.

ఆవిడ వ్యాను పొగ పరీక్షలో గట్టెక్కింది. బ్రేకులు పట్టాయి. ఆవిడ మొహం చాటంతయింది. ఇదివరకటి ఏళ్ళలో ఆవిడ నడుపుతుంటే తనిఖీ ఆయన పక్కన కూర్చునేవాడు. ఈ ఏడు పద్ధతి మారింది. ఆయనే స్టీరింగు పట్టుకుని ఆవరణ చుట్టూ ఒక్క చుట్టు వేసి వచ్చి దిగాడు.

"అమ్మా, ఈ బండి రోజూ ఎవరు నడుపుతారు?"

"నేనే సార్."

"కుడి భుజం నొప్పి పెట్టడం లేదా?"

స్టీరింగమ్మ బిత్తరపోయింది. "మీరేమన్నా జాతకం చెప్తారా సార్?"

"జాతకం కాదమ్మా. బండి ఎడమకి లాగుతోంది. మామూలుగా కాదు, గట్టిగా."

"మా బండా! సూదిలో దారంలా తిన్నగా పోతుంది సార్!"

"మీరే నడపండి. నేను చెప్పినప్పుడు చేతులు వదిలేయండి."

ఆవిడ ఎక్కింది. కాస్త ముందుకి పోనిచ్చాక ఆయన వదలమన్నాడు. వదిలింది. వ్యాను ఎవరో పిలిచినట్టు ఎడమ పక్క కంచె వైపు బయల్దేరింది. ఆవిడ గభాలున బ్రేకు తొక్కింది.

తనిఖీ ఆయన కిందికి వంగి దీపం వేసి చూపించాడు. ముందు చక్రాల ఇరుసుని స్ప్రింగుకి బిగించే బోల్టు విరిగింది, ఇరుసు ఎడమ పక్క వెనక్కి జరిగిపోయింది. "పొగ కళ్ళకి కనబడుతుంది కాబట్టి అందరూ దాన్నే చూసుకుంటారు. ఇలాంటివి నడిపేవాళ్ళ చేతులకి అలవాటైపోతాయి. బండి ఎడమకి లాగుతుంటే మీరు కుడికి లాగుతూ వచ్చారు, అంతే."

"ఎప్పటి నుంచి అయ్యుంటుంది సార్?" అంది ఆవిడ.

"విరిగిన చోట తుప్పు చూస్తే ఇవాళా నిన్నటిది కాదు. ఏళ్ళయ్యుంటుంది."

ఏళ్ళు! స్టీరింగమ్మకి తల కొట్టేసినట్టయింది. మొగుడి మొహం చూడలేకపోయింది. ఆయన ఆవరణ చివర ఎవరిదో లారీ టైరుని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. "విన్నావా?" అని ఒక్క మాటన్నా బాగుండును, ఆవిడ కూడా గయ్యిమని ఏదో ఒకటి అని తేలికపడేది. అనలేదు. తప్పిన బండిలో అక్కణ్ణుంచి మెకానిక్ షెడ్డు దాకా ఇద్దరి మధ్యా ఇంజను ఒక్కటే మాట్లాడింది. 'పాపం, ఆ రోజు నిజమే చెప్పాడు' అన్న మాట ఆవిడ నోటి దాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. అన్నేళ్ళ ఎగతాళిని ఒక్క మాటతో ఎలా తుడుస్తారు?

మెకానిక్ ఇరుసు సరిచేసి కొత్త బోల్టు బిగించాడు. "అక్కా, ఇప్పుడు చెయ్యి వదిలేసినా తిన్నగా పోతుంది. తీసుకెళ్ళు," అన్నాడు.

స్టీరింగమ్మ ఎక్కి కూర్చుని, ఎప్పటిలాగే పట్టుకుని, ఎప్పటిలాగే పోనిచ్చింది. వ్యాను ఎప్పటిలా పోలేదు. కుడి పక్కకి మళ్ళి, షెడ్డు గేటు కుడి స్తంభాన్ని కర్రుమని గీకుతూ ఆగింది.

"బండే లాగింది!" అని అరిచింది ఆవిడ.

అరిచాక గానీ తన నోటి నుంచి వచ్చిన మాటేమిటో తనకి వినబడలేదు. మెకానిక్ నవ్వబోయాడు. పక్క సీట్లో ఉన్న మొగుడి వైపు ఆవిడ బిక్కచచ్చి చూసింది. ఇప్పుడంటాడు. మద్దెల సామెత అంటాడు, నలుగురిలో అంటాడు, తమ్ముడికి చెప్పి అనిపిస్తాడు. అనాలి కూడా. అదే న్యాయం.

ఆయన ఆవిడ వైపు కిటికీలోంచి స్తంభం వంగి చూశాడు, మళ్ళీ తన సీట్లోకి జరిగి మెల్లగా అన్నాడు.

"లాగే ఉంటుందిలే."

వెక్కిరింపు కాదు. నిజంగానే అన్నాడు. ఆవిడ చెప్పింది కాబట్టి నమ్మాడు.

స్టీరింగమ్మ కళ్ళు నిండిపోయాయి. తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇప్పుడు లాగలేదయ్యా," అంది. "అప్పుడే లాగింది."

ఆయన తల ఊపి దిగి, అటు తిరిగి వచ్చాడు. సీటు కాస్త వెనక్కి జరుపుకున్నాడు. కాస్త వెనక్కి తీసి పోనిస్తే, వ్యాను రెండు స్తంభాల మధ్య నుంచి తిన్నగా బయటపడింది. అటునుంచి అటే మళ్ళీ తనిఖీకి వెళ్ళారు. బండి గట్టెక్కింది. ఇంటికొచ్చే దారిలో ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ హారను కొట్టాలో ఆవిడ చెబుతూనే ఉంది, ఊరుకుంటుందా మరి. కానీ ఆవిడ కుడిచెయ్యి మాత్రం దారి పొడుగునా ఒళ్ళో ఊరికే పడుకుని ఉంది.