గోడవైపు తిరిగి నిలబడిన స్టేషను మాస్టారు

ఉదయం ఆరు దాటగానే తాడేపల్లిగూడెం స్టేషను వైపునుండి గూడ్సుబండి కూత దీర్ఘంగా వినవస్తుంది. ఆ వేళకు కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోనులో పాస్‌వర్డ్ మేనేజరును తెరవడం నాకు నియమం. అందుకు నాలుగు మాటల వాక్యమొకటి కొట్టవలసి ఉంటుంది. చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరమే కొడతాను. ఇంట్లో నేను తప్ప మరెవరూ లేకపోయినా, మొదలుపెట్టేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. ఆ అలవాటు నాది కాదు, పక్కింటి సుందరరావుగారిది.

ఆయన ఆకివీడులో చాలాకాలం స్టేషను మాస్టారుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత భార్య అన్నమ్మగారితో మా పక్కింట్లో స్థిరపడ్డారు. నేను అత్తిలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా ఉండి విరమించినదానిని. నేను వరండాలోకి వస్తే పిల్లలే కాదు, తోటి ఉపాధ్యాయులు కూడా చొక్కా సర్దుకుని నిలబడేవారు. క్రమశిక్షణ విషయంలో నాకు నేర్పగలవారు ఒకరుంటారని అరవై దాటేవరకూ నేను అనుకోలేదు.

మా వీధిలో పింఛను తీసుకునే ఇరవైమందికీ ఈమెయిలు తెరిచి ఇచ్చినవాడు వీధి చివరి నెట్ సెంటరు యజమాని. ఎవరూ మరిచిపోకూడదని అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టాడు: తన కొట్టు పేరు, దాని చివర ఒకటి రెండు మూడు. ఒకనాడు మా పింఛనుదారుల సంఘం సమావేశంలో ఒక పెద్దాయన దానిని మరిచిపోతే, పదిమంది ఒక్క గొంతుతో పద్యం అప్పజెప్పినట్లు చెప్పారు. నాకు ఆ ఐకమత్యం ముచ్చటగానే తోచింది. సుందరరావుగారు మాత్రం రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"ఏమిటండీ ఆ పని?" అన్నాను.

"ఇరవై ఇళ్ళ తాళంచెవులు నా జేబులో పడేశారు మేడమ్‌గారూ. ఇప్పుడు వీటిని నన్నేం చేసుకోమంటారు?"

"ఒకే తాళంచెవి అయితే క్రమంగా ఉంటుంది. మా స్కూల్లో పద్నాలుగు గదులకూ ఒకటే పెట్టించాను."

"అది పోతేనండీ?"

"నా దగ్గర ఏదీ పోదు" అన్నాను.

పోయింది. ఆ వర్షాకాలంలో ఒక పూర్వ విద్యార్థిని కంగారుగా ఫోను చేసి, "మేడమ్, ఆసుపత్రిలో ఉన్నారటగా, సాయం కావాలని రాశారు, ఏమైందండీ?" అని అడిగింది. నేను అప్పుడు పెరట్లో బట్టలు ఆరవేస్తున్నాను. ఎవరో నా ఈమెయిలులో దూరి, నా పేరుతో అందరినీ యాచించారు. తెరవబోతే అది నాకు తెరుచుకోలేదు. యాచించినట్లయిన అవమానం ఒక ఎత్తు. లోపలి ఉత్తరాలు ఒక ఎత్తు. నేను వివాహం చేసుకోలేదు. పాఠశాల విడిచిన తరువాత నా పిల్లలు రాసినవన్నీ అందులోనే ఉన్నాయి. మండవల్లి చేపల చెరువు మీద కాపలా కాసే మనిషి కూతురు, నర్సుగా తొలి జీతం అందుకున్ననాడు రాసిన ఉత్తరం కూడా అక్కడే ఉంది. వాటికి నా దగ్గర మరొక ప్రతి లేదు.

జీవితంలో మొదటిసారి ఒకరి గుమ్మం ముందు నిలబడి, "ఏం చేయాలో తెలియడం లేదండీ" అన్నాను. సుందరరావుగారు ఎత్తిపొడవలేదు. పాస్‌వర్డ్ మార్చాలంటే ఒక కోడ్ వస్తుందనీ, అది ఏ నంబరుకు వస్తుందో చూడాలనీ చెప్పారు. చూస్తే, నెట్ సెంటరువాడు అందరి ఖాతాలకూ తన నంబరే ఇచ్చి ఉన్నాడు. కొట్టు మూసి ఉంది. మనిషి ఆకివీడులో పెళ్ళికి వెళ్ళాడన్నారు. ఫోను చేస్తే బాజాల మోత తప్ప ఏమీ వినబడలేదు.

"పదండి, ఆకివీడు నాకు కొత్తా?" అన్నారు. వానలో ఇద్దరం బస్సులో వెళ్ళాం. మంచునీళ్ళు కార్చుకుంటూ పోయే చేపల లారీల వెనక బస్సు నత్తనడక నడిచింది. ఆయన మాత్రం వెళుతున్నంతసేపూ అన్నమ్మగారు పెట్టిన జంతికలు నా చేత తినిపించారు. పెళ్ళిమంటపంలో నెట్ సెంటరువాడు బూరెను నేతిలో ముంచుతున్నాడు. సంగతి విని ఎడమచేత్తో ఫోను తీసి, "ఆ, వచ్చిందండీ! రాసుకోండి, నాలుగూ..." అని బాజాలను మించి అరవబోయాడు.

"నోటితో వద్దు నాయనా, రాసివ్వు" అని సుందరరావుగారు వక్కపొడి పొట్లం కాగితం అందించారు. అతడు రాసిన అంకెలను నేను నా ఫోనులో కొట్టి, కొత్త పాస్‌వర్డ్ పెట్టేవరకూ ఆయన మాకు వీపు పెట్టి, వధూవరులను చూస్తూ నిలబడ్డారు. ఉత్తరాలన్నీ అలాగే ఉన్నాయి. నర్సమ్మాయి ఉత్తరం అక్కడే నిలబడి చదువుకున్నాను. "భోంచేసి వెళ్ళండి మేడమ్, మీ పిల్లదే పెళ్ళనుకోండి" అన్నాడు ఆ మహానుభావుడు.

తిరుగు ప్రయాణంలో సుందరరావుగారు తన ఉద్యోగ రహస్యం చెప్పారు. పూర్వం ఆ దారి ఒంటిలైను. డ్రైవరు చేతికి టోకెను అనే లోహపు గుండు అందితే తప్ప బండి కదలకూడదు. ఆకివీడుకు అటువైపు లైను గుండు ఇటువైపు గుండ్లు దాచే యంత్రంలో పట్టదు. గాడి వేరుగా ఉంటుంది. "నిద్రమత్తులో నేను పొరపాటు చేసినా గుండు చేయనివ్వదండి. ఎక్కడిది అక్కడికే." పక్క స్టేషనుతో ఫోనులో చెప్పుకునే రహస్య అంకెలు కూడా ఒక్కసారికే పనికివస్తాయట, వాడగానే కొట్టివేస్తారట.

"ఆ గుండు ఒకటి జ్ఞాపకంగా తెచ్చుకోలేకపోయారా?" అని అడిగాను.

"బలేవారే! రైల్వేవారి సొత్తండీ అది" అని నొచ్చుకున్నారు.

మరునాటినుండి వారి భోజనాల బల్ల మీద పాస్‌వర్డ్ మేనేజరు పాఠం మొదలైంది. ప్రతి ఖాతాకూ అదే ఒక పొడవైన పాస్‌వర్డ్ తయారుచేసి దాచుకుంటుంది. నేను జ్ఞాపకం పెట్టుకోవలసింది దానిని తెరిచే వాక్యం ఒక్కటే. ఉన్న పదిహేడు ఖాతాలనూ ఒక్కరోజే మార్చివేద్దామన్నాను. "ఒక బండి దాటాకే రెండో బండి" అని రోజుకు ఒకటే మార్పించారు. వాక్యానికి ఒక పద్యపాదం పెట్టబోతే వారించారు.

"ఊరందరికీ వచ్చినవి వద్దండి. మీకొక్కరికే నవ్వొచ్చే నాలుగు మాటలు, ఒకదానితో ఒకటి పొసగనివి పెట్టుకోండి."

"నాకు నవ్వు వచ్చే మాటలేవీ లేవు."

"అయితే కోపం వచ్చేవి పెట్టండి. వాటికి కరువుండదు" అన్నారు. వంటింట్లోనుండి అన్నమ్మగారు పకపకా నవ్వడం వినబడింది. నేను వాక్యం కొట్టేటప్పుడు ఆయన లేచి గోడవైపు తిరిగారు. సరిగా ఉన్నదో లేదో చూడమంటే, "చూస్తే ఇక సరిగా ఉండదండి" అన్నారు.

అది మరిచిపోతే తెరిచి ఇచ్చేవారు ఎవరూ ఉండరని హెచ్చరించి, తన వాక్యాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి నాకిచ్చారు. "ఇంట్లో పెడితే అన్నమ్మ పచారీ చీటీ అనుకుని కొట్టుకు పంపేస్తుందండి. మీ బీరువాలో ఉంచండి. నా తరువాత తనకివ్వండి." అలాంటిది నన్ను కూడా రాసిమ్మని అడిగారు. చూద్దామన్నాను. నా వాక్యం మరొకరి బీరువాలో ఉండడం నాకు మనస్కరించలేదు.

నిరుడు ఆయన వెళ్ళిపోయారు. చర్చివారి ఆదరణ కూడిక ముగిసి బంధువులు వెళ్ళిన తరువాత ఆ కవరును అన్నమ్మగారికి అందించాను. ఆమె అటూఇటూ తిప్పి, అంటు చెదరలేదని చూసి, "ఇన్నాళ్ళూ ఒక్కసారైనా విప్పాలనిపించలేదాండీ మేడమ్‌గారూ?" అన్నారు.

"అది మీ సొత్తండీ" అన్నాను.

ఆమె కాగితం విప్పి ఫోనులో కొట్టబోతుండగా, ఎవరూ చెప్పకుండానే లేచి గోడవైపు తిరిగాను. గోడ మీద ఆయన చేతి గడియారం మేకుకు వేలాడుతూ ఇంకా నడుస్తోంది. నా వెనక ఏడుపులో కలిసిన నవ్వొకటి వినబడింది. "చూడండి, చూడండి ఏం పెట్టుకున్నారో ఈ మనిషి!" అన్నారామె. నేను తిరగలేదు.

ఆ వాక్యం ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఈ ఉదయం గూడ్సుబండి వెళ్ళాక నా నాలుగు మాటలనూ కాగితం మీద గుండ్రని అక్షరాలతో రాసి, కవరు అంటించి, నా తరువాత పిల్లల ఉత్తరాలు ఎవరెవరికి చేరాలో మరొక కాగితం మీద వరుసగా రాసి, రెండూ పట్టుకెళ్ళి అన్నమ్మగారి చేతిలో పెట్టాను.

"పచారీ చీటీ కాదు" అని మాత్రం చెప్పాను.