సోమవారం పగిలిన రొట్టెలు

సావిత్రక్కా, నా రాత కోడి గెలికినట్లుంటది, నవ్వకు. మూడో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులుంటే నువ్వే దిద్దుకొని చదువుకో.

మా చిన్నప్పుడు... సోమవారం తెల్లవారితే ఇల్లు నిమ్మళంగా ఉండేది. మిగిలిన రోజుల్లో కోడి కూయకముందే విసుర్రాయి చప్పుడుకు మెలకువ వచ్చేది. సోమవారం ఆ చప్పుడే ఉండేది కాదు.

అయిజ దిక్కు మా ఊర్లో సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. బసవన్న దినం కదా... కడిగి, మేత వేసి వదిలేస్తారు. మా నాయనమ్మ దానికి ఇంకొకటి కలిపింది. ఎద్దుకు కాడి లేని నాడు ఆడదానికి రాయి లేదు, అని. సోమవారానికి కావలసిన జొన్నపిండి కూడా ఆదివారమే విసిరి పెట్టేవారు.

నిన్నటి పిండితో తట్టిన రొట్టె అంచులు పగులుతాయి. తాత ఆ ముక్కలే పప్పులో అద్దుకుంటూ, "రొట్టె పగిలితే పగులనీ తియ్... మనిషి పగులకుంటే సాలు" అనేవాడు.

మధ్యాహ్నం అమ్మ, నాయనమ్మ, చిన్నమ్మ పడసాలలో కూర్చొని గులకరాళ్లతో అచ్చనగండ్లు ఆడేవారు. అమ్మ గట్టిగా నవ్వడం నాకు సోమవారాల్లోనే గుర్తు...

ఈ వీపనగండ్లకు కాపురానికి వచ్చిన మొదటి సోమవారం నేను రాయి దగ్గరకు పోలేదు. అన్ని ఇండ్లలో అంతే అనుకున్నాను. ఎద్దులు కొట్టంలో పండుకున్నాయి. మామ, మా ఆయన అరుగు మీద ముచ్చట్లలో ఉన్నారు. పొద్దెక్కింది, ఇంట్లో పిండి లేదు.

"ఏందమ్మా కోడలా, నీ మెడ మీది కాడి గూడ దించిన్రా?" అన్నది అత్త.

సిగ్గుతో మెల్లగా నాయనమ్మ మాట చెప్పాను.

"మంచిగనే ఉన్నది. మరి ఐతారం రెండింతలు ఇసిరిందెవరు? మీ నాయనమ్మనా, మీ అమ్మనా?"

అమ్మే, అక్కా. ఆదివారం సాయంత్రం అమ్మ అరచేతులకు ఆముదం రాసుకునేది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు... రేపటి పని ఇయ్యాలే చేసుకొని రేపు కూర్చుంటే, అది సెలవా, కాదా? నాకు తెల్వదు. కానీ ఆ నవ్వు మాత్రం అబద్ధం కాదు కదా...

ఇప్పుడు కడుపుతో ఉన్నాను. రాయి తిప్పుతుంటే నడుము లాగుతుంది. ఏ రోజైనా ఒకటే తీరు.

మొన్న సోమవారం నాతో విసురుతూ విసురుతూ అత్త ఆగింది. "మీ అమ్మ ఎట్ల ఆడేది? జర సూపియ్" అన్నది. గులకరాళ్లు ఏరుకొచ్చాను. అక్కా, నాకంటే ఆమెకే బాగా వచ్చు! రెండాటలు గెలిచి, "ఇగ సాలు, రొట్టెలకు యాల్లయింది" అని లేచింది. పోతూ పోతూ ఆ రాళ్లు కొంగున ముడేసుకున్నది.

ఆడొద్దని దాచిందో, మళ్లీ ఆడాలని దాచిందో...

రేపు ఆదివారం. రెండింతలు విసిరి పెట్టనా, వద్దా? విసిరితే నడుము పోతది, విసరకుంటే సోమవారం పోతది. చిన్నప్పుడు సోమవారం దానంతటదే వచ్చేదనుకున్నాను...

మీ తెలకపల్లిలో నీకంటూ ఒక పూట ఉన్నదా, అక్కా? ఉంటే ఎట్ల దొరికిందో జాబులో చెప్పు.

చదివినంక దీన్ని పొయ్యిలో పెట్టు. నా సంగతి తెలిసినా పరవాలేదు... అత్త రాళ్లు ముడేసుకున్న మాట మాత్రం ఎవరికీ తెలియొద్దు.